ఏడో పాటకు హారన్

2011 డిసెంబర్ 17, శనివారం, మధ్యాహ్నం తిరుగు ట్రిప్పులో, ఆ ఏటి పాటల్లో ఆఖరిది మొదలవగానే నేను రెండుసార్లు హారన్ కొట్టాను. అది నా పాట కాదు.

నా పాట అంతకుముందే వచ్చి వెళ్లిపోయింది. బడి వదిలాక వేసిన ట్రిప్పులో, ఏడో పాటగా వచ్చింది. నేను నడిపే బెమో వ్యానులో ఉన్నవాళ్లందరూ విన్నారు. నేను వినలేదు.

తలుపు దగ్గర వేలాడుతున్న నా తమ్ముడు యెర్మి, హారన్ మోగగానే అద్దంలో నా వైపు చూశాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

ఇండోనేషియాలోని మా కుపాంగ్ ఊళ్లో బెమో ఎక్కేవాళ్లు నడిపేవాడి పనితనం చూసి ఎక్కరు. పాట చూసి ఎక్కుతారు. బడిపిల్లలు రెండు బళ్లు వదిలేసి మూడోదాని కోసం ఎండలో నిలబడతారు. పాటలేని బండికి ముసలివాళ్లూ చేపల బుట్టలూ మిగులుతాయి. మా బండిలో ఎదురెదురుగా రెండు బల్లలు, వాటి కింద స్పీకర్లు, నా సీటు కింద అన్నిటికన్నా పెద్దది. ఆ మోతలో ఆపమని అరిచినా లాభం లేదు. అందుకని దిగేవాళ్లు నాణెంతో పైనున్న ఇనప కమ్మీ మీద టకటకా కొడతారు. ఆ చప్పుడు పాటను చీల్చుకుని ముందు సీటు దాకా వస్తుంది. మా పనిలో చెవి అంటే ఆ చప్పుడు పట్టే చెవి. అది లేనివాడు స్టీరింగ్ దగ్గర కూర్చోకూడదు.

బండి నాది. పాటలు యెర్మివి. రోజూ మోగేవి పిల్లలు అడిగినవి. డిసెంబర్ సగానికి వచ్చేసరికి వాడు అవన్నీ ఆపేసి, తనకి నచ్చినవి పద్దెనిమిది ఏరి, ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి తెచ్చేవాడు. దాని మీద ఆ ఏటి అంకె రాసేవాడు. అవి ఆ ఏడు ఊరంతా పాడిన పాటలేమీ కావు. వాడికి ఆ ఏడాది ఎలా నడిచిందో అది. ఒబా చేపల బజారు ముందు టైరు పేలినప్పుడు మోగుతున్న పాట. ఒక పిల్ల వాడికి కుదరదని చెప్పి దిగిపోయినప్పటి పాట. అమ్మను పాతిపెట్టి వచ్చి బండి తాళం తిప్పితే తనంతట తానే మోగిన డాన్సు పాట. వాడు ఆపబోతే నేనే ఉండనిమ్మన్నాను. ఎవరెంత బతిమాలినా వరస మార్చడు.

ఆఖరిది మాత్రం ప్రతి ఏడూ ఒకటే. అది ఏ ఏటిదీ కాదు. మా రోటె దీవి పాట. తాటిచెట్టు ఎక్కినవాడు పైనుంచి రేవులో పడవలు లెక్కపెడతాడు, ప్రతిసారీ ఒకటి తక్కువ వస్తుంది. అమ్మ నీరా కాచి పాకం తీసేటప్పుడు పాడేది. యెర్మి దాన్ని ఎక్కడో సంపాదించి మొదటి ఏడే నాకోసం ఆఖర్న పెట్టాడు. అది మొదలవగానే నేను రెండుసార్లు హారన్ కొట్టాను. ఊరికే కొట్టాను. తర్వాత అది ఆచారమైంది.

చెవులు ఎప్పుడు పోవడం మొదలుపెట్టాయో చెప్పలేను. నాకు తెలిసింది ఆ అక్టోబరులో.

దోర్కస్ పిన్ని బజారులో తమలపాకులూ వక్కలూ అమ్మేది. ఒబా దగ్గర దిగాలి. నేను ఆమెను మలుపు దాటించి చర్చి దాకా తీసుకుపోయాను. దిగి, చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒరే యూసక్! కొట్టి కొట్టి నాణెం మీద బొమ్మ చెరిగిపోయిందిరా!"

"పాట గోలలో వినపళ్లేదు పిన్నీ."

"చర్చికి ఆదివారం నేనే నడిచొస్తా కదా. ఇవాళెందుకు దింపావు? పెళ్లి చేస్తావా నాకు?"

"పెళ్లికొడుకెవరు అవ్వా?" అని వెనక నుంచి ఎవరో పిల్ల అరిచిందట.

"ఇదిగో, ఈ చెవిటి సచ్చినోడే!"

బండంతా నవ్వింది. నేనూ నవ్వాను. యెర్మి ఆమె బుట్ట భుజానికెత్తుకుని బజారు దాకా నడిచి వెళ్లి దింపి వచ్చాడు.

బెమో నడిపేవాడికి చెవుడు వస్తే దాచుకోవడం కష్టం కాదు. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ మొహం దగ్గరికి మొహం తెచ్చి మాట్లాడతారు, చేతులు ఊపుతారు, తల ఆడిస్తారు. తప్పంతా పాట మీద పడుతుంది. నాకు ముందు ఆడగొంతులు పోయాయి. తర్వాత నాణెం. డప్పు మిగిలింది. అది సీటు కిందనుంచి నడుముకి తగిలేది. అన్ని పాటలకీ దాదాపు ఒకే డప్పు. ఏ పాట నడుస్తోందో తెలియడానికి పాటల సెట్టు మీద వెలిగే నీలం అంకె చూసేవాణ్ణి. పద్దెనిమిది పడితే నా పాట. ఆ ఒక్కటీ తప్పదనుకున్నాను.

నవంబర్ చివర్లో ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని, బండి అద్దానికి వేలాడే కోతిబొమ్మకి ఊడిన చెయ్యి కుడుతున్నాను. నా భార్య ఫినా గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉంది. కాసేపటికి ఇటు తిరిగింది. జుట్టంతా తడి.

"ఏమయ్యా, రేకుల మీద రాళ్లు పోసినట్టు పడుతుంటే కదలవేం? గిన్నెలు పట్టు!"

మా ఇంటి కప్పు జింకు రేకు. ఏప్రిల్‌లో పోయిన వాన మళ్లీ ఆ సాయంత్రమే వచ్చింది. పక్కిళ్ల పిల్లలందరూ రోడ్డు మీద గంతులేస్తున్నారు. నేను గిన్నె పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, చొక్కా తడిశాక నమ్మాను.

"ఏం ఆలోచిస్తున్నావు అంతలా?" అంది ఫినా.

"బొమ్మ గురించి," అన్నాను.

డిసెంబర్‌లో నేను హారన్ కొట్టిన ఆ శనివారం సాయంత్రం, చివరి ట్రిప్పు దింపేశాక, యెర్మి నా కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉన్నాయన్నా ఈ ఏటివి?"

"బాగున్నాయి. పోయినేటికన్నా బాగున్నాయి. ఆఖర్న మన పాట ఎప్పట్లాగే..."

వాడు సిగరెట్ నోట్లో పెట్టుకుని వెలిగించకుండా ఉండిపోయాడు.

"ఊ," అన్నాడు. "ఎప్పట్లాగే."

సోమవారం పొద్దున్న ఎల్సి అనే పిల్ల నా పక్క సీట్లో ఎక్కింది. హైస్కూలు పిల్ల. ఆ సీటు కోసం రోజూ కొట్లాడి మరీ ఎక్కుతుంది. నా భుజం తట్టి, చెవి దగ్గర అరిచింది.

"శనివారం మా పాటకి హారన్ కొట్టలేదేం బాబాయ్? అలిగావా?"

"ఏ పాట?"

"ఏడోది! తాటిచెట్టు పాట! ఎప్పుడూ అది వచ్చేలోపే మేం దిగిపోతాం. హారన్ మాకొక్కసారి కూడా దక్కలేదు. ఈసారి ముందుకి తెమ్మని యెర్మి అన్న కాళ్లు పట్టుకున్నంత పనిచేశాం."

యెర్మి తలుపు దగ్గర్నుంచి వంగి ఆమె జడ లాగాడు. "బాబాయికి ఆ రోజు పంటినొప్పి. పరీక్షలో ఎన్నొచ్చాయో అది చెప్పు ముందు."

ఎల్సి అటు తిరిగి వాడితో పోట్లాటకి దిగింది. నేను రోడ్డు చూస్తూ నడిపాను. నాకు పంటినొప్పి లేదని వాడికి తెలుసు. వాడికి తెలుసని నాకు తెలిసింది.

మర్నాడు పొద్దున్న బండి తీయబోతే లోపల ఒక నైలాను తాడు కనిపించింది. తలుపు దగ్గర మొదలై, పైకప్పు వెంబడి చిన్న కొక్కేల్లోంచి వచ్చి, ముందు అద్దం దగ్గర ఆగింది. దాని కొసన నేను చెయ్యి కుట్టిన కోతి వేలాడుతోంది.

"కోతిని ఉరితీశావేంట్రా యెర్మీ?" అని ఎక్కిన ప్రతివాడూ అడిగాడట.

"కొత్త ఫ్యాషన్. సురబయలో ప్రతి బండికీ ఇదే."

"సురబయ ఎప్పుడెళ్లావు నువ్వు?"

"కోతి వెళ్లొచ్చింది, దాన్నడుగు."

కమ్మీ మీద నాణెం పడగానే వాడు తాడు లాగేవాడు. కోతి ఎగిరేది. నేను బ్రేకు వేసేవాణ్ణి. దోర్కస్ పిన్ని సరిగ్గా బజారు గుమ్మం ముందు దిగింది. కిటికీ దగ్గరికి వచ్చి నా చేతిలో ఒక వక్క పెట్టి వెళ్లింది.

తాడు ఎందుకు కట్టావని నేను అడగలేదు. ఎందుకు కట్టానో వాడు చెప్పలేదు. ఫినాకి ఇద్దరమూ చెప్పలేదు. ఏడో అంకె పడినప్పుడు నేను హారన్ కొట్టేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. యెర్మి బయటికి చూస్తూ ఉండేవాడు.

క్రిస్మస్‌కి మా ఊరి కుర్రాళ్లు రోడ్డు పక్కన పాకలు వేసి స్పీకర్లు పెడతారు. సందు సందుకీ ఒక పాక. ఆ ఏడు వాటి ముందు నడిచిపోతుంటే జనం నోళ్లు తెరిచి మూస్తున్నట్టే ఉంది. చర్చిలో పాట నంబరు గోడకున్న బోర్డు మీద రాసి ఉంటుంది. నంబరు చూసి పుస్తకం తెరిచాను. కళ్లు పేజీ మీదే ఉంచి పాడాను. ముందు వరసలో ఒక పాప వెనక్కి తిరిగి చూసింది. తర్వాత వాళ్లమ్మ తిరిగింది. తల ఎత్తితే అందరూ కూర్చుని ఉన్నారు. నేనొక్కణ్ణే నిలబడి పాడుతున్నాను.

ఫినా నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. ఇంటికి వెళ్లే దారిలో నా ముందుకి వచ్చి నిలబడింది.

"ఎప్పట్నించి?" అంది. పెదవుల మీద చదివాను.

"ఏది ఎప్పట్నించి?"

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు ఎదురుగా కూర్చుంది. అంతకుముందు పక్కన కూర్చునేది.

జనవరి చివరి వారంలో ఒక మధ్యాహ్నం, పెద్దాసుపత్రికి పోయే ఎత్తు రోడ్డు మీద వాన. బండి నిండుగా ఉంది. కోతి ఎగిరింది. ఒకసారి కాదు, ఆగకుండా ఎగిరింది. ఎవరో అర్జంటుగా దిగాలనుకుంటున్నారని నేను అక్కడికక్కడే, రోడ్డు మధ్యలో, బ్రేకు వేశాను.

ఎవరూ దిగలేదు.

బండి మళ్లీ తీద్దామనుకునేలోపు యెర్మి పరుగెత్తుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. మొహం మీద నీళ్లు కారుతున్నాయి. నోరు పెద్దగా తెరిచి ఏదో అంటున్నాడు. చేత్తో పక్కకి పక్కకి అని చూపిస్తున్నాడు. నేను వెనక్కి తిరిగాను. వెనక అద్దం నిండా మేం అంటించిన స్టిక్కర్లు. వాటి సందుల్లోంచి ఎర్రదీపం తిరగడం కనిపించింది. అంబులెన్స్ మా బండికి మూరెడు దూరంలో ఆగి ఉంది.

అది చాలాసేపట్నుంచి మా వెనకే అరుస్తూ వస్తోందని తర్వాత తెలిసింది. పక్కకి తీయమనడానికి యెర్మి దగ్గర ఉన్నది ఆ తాడొక్కటే. మా కోతికి తెలిసిన మాట ఒక్కటే, ఆపమని.

నేను బండిని కాలవ అంచుకి దించాను. అంబులెన్స్ దాటిపోయింది. దాని వెనక మోటారుసైకిల్ మీద వచ్చిన ఒక మనిషి ఆగి, మా బండి రేకు మీద గుద్దాడు. ఏమని తిట్టాడో ఎల్సి తర్వాత చెప్పింది.

"కళ్లు దొబ్బాయా? చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"బ్రేకు పట్టేసింది అన్నా," అన్నాడట యెర్మి. "బండిది తప్పు. మనిషిది కాదు. వెళ్లండి అన్నా, ముందు వెళ్లండి."

అంబులెన్స్‌లో ఎవరున్నారో మాకు తెలియలేదు. తర్వాత కూడా తెలియలేదు.

యెర్మి లోపలికి వంగి పాట ఆపేశాడు. నా నడుముకి డప్పు తగలడం ఆగింది కాబట్టి నాకు తెలిసింది. జనంతో ఉన్న బండిలో వాడు పాట ఆపడం అదే మొదలు. ఎల్సి, మిగతా పిల్లలు ఎవరూ కదల్లేదు. వాడు నా కిటికీ మీద రెండు చేతులూ పెట్టి, ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా అన్నాడు.

"అన్నా. నాకు. తాడు. చాలదు."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎల్సి లేచి, దిగి, వెనక బల్ల మీదికి వెళ్లింది. నేను పక్క సీట్లోకి జరిగాను. యెర్మి ఎక్కి తలుపు వేసుకున్నాడు.

ఆసుపత్రిలో నర్సు నా చెవులకి పరికరం తగిలించి, చప్పుడు వినగానే చెయ్యెత్తమంది. నేను ఆమె వేలు చూశాను. వేలు కదిలినప్పుడల్లా చెయ్యెత్తాను. ఆమె కొంచెంసేపు చూసి, ఒక అట్ట తీసి తన చెయ్యి కనపడకుండా అడ్డం పెట్టింది. ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. ఫినా నా పక్కన కూర్చుని తన కాళ్లవైపు చూసుకుంటూ ఉంది. స్పీకర్ మీద కూర్చుని ఎన్నేళ్లు నడిపావని డాక్టరు అడిగారు. ఫినా చెప్పింది. పోయింది తిరిగి రాదని ఆయన కాగితం మీద రాసి నాకు చూపించారు.

ఫిబ్రవరి అంతా ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే యెర్మి వచ్చి గోడకున్న తాళం తీసుకునేవాడు. రాత్రి తెచ్చి తగిలించేవాడు. తలుపు దగ్గర మా పినతల్లి కొడుకు బెని వేలాడేవాడు. ఫినా బజారుకి వెళ్లేది. నేను వాకిట్లో మొక్కజొన్నకి మట్టి ఎగదోసేవాణ్ణి. పొయ్యి మీద గింజలు మాడితే వాసన వచ్చాక లేచేవాణ్ణి.

పక్కింటివాళ్లు మొదట్లో గట్టిగా అరిచి మాట్లాడారు. తర్వాత చేతులతో చెప్పారు. తర్వాత ఫినా వచ్చేదాకా ఆగి ఆమెతో చెప్పడం మొదలుపెట్టారు. "మీ ఆయనకి చెప్పమ్మా, మేక తాడు తెంపుకుంది," అని నా ముందే ఆమెకి చెప్పేవాళ్లు. నేను లేచి మేకను పట్టుకొచ్చేవాణ్ణి.

రోడ్డు మీద బెమోలు పోతుంటే మా కిటికీ అద్దం వణికేది. దాని మీద వేలు పెడితే డప్పు తెలిసేది. ఏ బండిదో, ఏ పాటో తెలిసేది కాదు. మా బండి ఇంటిముందు నుంచే పోతుంది. యెర్మి అక్కడికి వచ్చేసరికి చెయ్యి బయటపెట్టి ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి. ఒకటి రెండుసార్లు నేను మొక్కల్లో వంగి ఉన్నప్పుడు వెళ్లిపోయి ఉంటాడు.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం వాకిట్లో అటు తిరిగి కూర్చుని కత్తి నూరుతున్నాను. కళ్ల ముందు ఏదో ఎగిరింది. కోతి. దాని వెనక యెర్మి చెయ్యి.

తల ఎత్తి చూశాను. బండి గేటు దగ్గర ఆగి ఉంది. కిటికీల నిండా పిల్లలు.

"గేటు దగ్గర్నుంచి ఎంతసేపు హారన్ కొట్టానో తెలుసా?" అన్నాడు వాడు, నా మొహం ముందు మొహం పెట్టి. "ఊళ్లో కుక్కలన్నీ వచ్చాయి. నువ్వు తప్ప."

"ఎందుకు?"

"నీ బండి నువ్వు ఎక్కడానికి శుభలేఖ వేయించాలా? లే."

"ఎక్కడికి?"

కోతితో రోడ్డు చూపించాడు. "అటు, మళ్లీ ఇటు."

ఎల్సి ముందు సీట్లోంచి దిగి నిలబడింది. పెదవులు పెద్దగా కదిలిస్తూ చెప్పింది. "నీకు కాబట్టి లేచాను బాబాయ్. ఆ పాస్టరుగారొచ్చినా లేవను."

కత్తి గోడ మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని ఎక్కాను. సెట్టులో గుచ్చిన పెన్‌డ్రైవ్ మీద 2011 అని ఉంది. అప్పటికి ఊళ్లో మిగతా బళ్లు కొత్త పాటల్లోకి వెళ్లిపోయాయని బెని తర్వాత చెప్పాడు. నైలాను తాడు అలాగే ఉంది. యెర్మి కోతిని తెచ్చి దాని కొసకి తగిలించాడు.

బడి దాటాం. ఒబా దాటాం. దోర్కస్ పిన్ని తన బుట్ట వెనకనుంచి నన్ను చూసి, మోచేత్తో పక్కామెను పొడిచి చూపించింది. సీటు కింద పెద్ద స్పీకర్ అటువైపు ఉంది. నా వైపు డప్పు అంతగా తగల్లేదు. నేను సెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను.

సముద్రం పక్క రోడ్డు మీదికి రాగానే నీలం అంకె ఆరు నుంచి ఏడుకి మారింది. యెర్మి నా వైపు తిరగలేదు. కుడిచెయ్యి స్టీరింగ్ మధ్యకి జరిపి రెండుసార్లు నొక్కాడు.

ముందు మోటారుసైకిల్ మీద పోతున్న మనిషి వెనక్కి తిరిగి చూశాడు. పక్కకి తప్పుకున్నాడు.